పరిసయ్యుడు చెప్పినవన్నీ నిజాలే

ఆదివారం, రాత్రి.

ఈ రోజు సండే స్కూల్లో లూకా సువార్త 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు, సుంకరి ఉపమానం చెప్పి, దాన్ని పిల్లలచేత ఆడించాను. యేసు చెప్పిన ఆ కథలో ఇద్దరు గుడికి ప్రార్థనకు వెళ్తారు. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గానికి చెందిన పరిసయ్యుడు తన భక్తిని చెప్పుకుని, తాను ఇతరుల్లాగా, సుంకరిలాగా లేనందుకు దేవునికి కృతజ్ఞతలు చెబుతాడు. పన్ను వసూలు చేసే సుంకరి, పాపినైన నన్ను కరుణించమని రొమ్ము కొట్టుకుంటాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది సుంకరే అంటాడు యేసు. సుంకరిగా నిలబడి రొమ్ము కొట్టుకోవడానికి అందరూ చేతులెత్తారు గానీ పరిసయ్యుడిగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి నాలుగో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి ముందుకొచ్చి, మాటలన్నీ తడబడకుండా అప్పజెప్పి, తన చోటికి వెళ్లకుండా అక్కడే నిలబడి అడిగాడు: "టీచర్, ఆయన అబద్ధమేమైనా చెప్పాడా?" లేదన్నాను. "మరి తప్పేం చేశాడు?" అన్నాడు. అప్పటికే ఆరాధనకు గంట కొట్టారు. వచ్చే వారం చెబుతానని పంపించేశాను.

నిజమే, అతడు దొంగ కాడు, వ్యభిచారి కాడు. సంపాదన అంతటిలో పదోవంతు ఇస్తాడు. ఆనాటి భక్తిపరులు సోమ, గురువారాల్లో ఉపవాసం ఉండేవారు. అతడూ వారానికి రెండుసార్లు ఉంటాడు. ఆ సుంకరి మాత్రం పరాయి ప్రభుత్వం కోసం సొంతవాళ్ల దగ్గర పన్ను వసూలు చేసే వర్గంవాడు, ఆ వర్గానికి అదనంగా గుంజుకుంటారన్న చెడ్డపేరు ఉండేది. ఆ కథ మొదటిసారి విన్నవాళ్లకు నీతిమంతుడెవరో అడగాల్సిన పనే లేదు. మనకు మాత్రం "పరిసయ్యుడు" అన్న మాటే తిట్టు అయిపోయింది కాబట్టి, అతడు నోరు తెరవకముందే మనం తీర్పు చెప్పేస్తాం.

ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న సంగతి. పరిసయ్యులు క్రీ.పూ. 2వ శతాబ్దంలో, యూదు పాలక వంశమైన హస్మోనీయుల పాలనలో చరిత్రలో కనిపిస్తారు. గుడిలో యాజకులు పాటించే శుద్ధిని మామూలు మనిషి ఇంట్లోకి, తినే పళ్లెం దాకా తీసుకురావాలనుకున్నారు. మహా హేరోదు రాజు కాలంలో వారు 6,000కు పైగా ఉండేవారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. పట్టణాల్లో ప్రజలు వారి మాటకు విలువ ఇచ్చేవారని కూడా ఆయనే రాశాడు. యేసు శిష్యులైన అపొస్తలులను చంపాలన్న సభలో లేచి వద్దన్న ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు పరిసయ్యుడే. హేరోదు నిన్ను చంపగోరుచున్నాడు, ఇక్కడినుండి వెళ్లిపో అని యేసును హెచ్చరించినవారు కూడా పరిసయ్యులే. వీరందరినీ వేషధారులన్న ఒక్క మూటలో కట్టేస్తే వారికి అన్యాయం జరుగుతుంది. మనకు అంతకంటే పెద్ద నష్టం జరుగుతుంది, ఎందుకంటే వేషం వేయనివాడు ఆ కథ తనది కాదనుకుని నిశ్చింతగా కూర్చుంటాడు.

నేను కూడా అలాగే కూర్చున్నాను. ప్రసంగం మొదలయ్యాక ఒకావిడ వచ్చి, చెప్పులు గుమ్మం పక్కన విడిచి, వెనక చాప మీద ఒదిగి కూర్చున్నారు. నెల రోజులుగా ఆవిడ ఆలస్యంగానే వస్తున్నారు. నా కళ్లు గోడ గడియారం మీదికి వెళ్లాయి. నేను పిల్లల కోసం అందరికంటే ముందే వచ్చానన్న సంగతి గుర్తొచ్చింది. అది నిజమే, అందులో అబద్ధమేమీ లేదు. తరవాత, ఆవిడకు ఇంట్లో ఏ కష్టం ఉందోనని మనసుకు సర్దిచెప్పుకోబోయి ఆగాను. తగిన కారణం ఉంటేనే ఆవిడను గౌరవిస్తాననుకోవడం కూడా న్యాయపీఠం దిగకుండా మాట్లాడడమే.

మధ్యాహ్నం పచ్చడి కోసం పుదీనా కట్ట విప్పి ఆకులు గిల్లుతున్నాను. మత్తయి 23వ అధ్యాయంలో పుదీనలో, సోపులో, జీలకర్రలో పదోవంతు చెల్లించేవారి మాట ఉంది. ఒక రెమ్మకు పది ఆకులు లెక్కపెట్టి, ఒకటి పక్కన పెట్టి చూశాను. అది వేలి కొస మీద ఇమిడిపోయింది. అంత చిన్న ఆకు కూడా దేవునిదే అనుకోవాలంటే ఎంత శ్రద్ధ ఉండాలి! యేసు ఆ శ్రద్ధను మానమనలేదు. దానితోపాటు న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని కూడా పాటించాల్సిందన్నాడు. స్వనీతి, అంటే నేనే నీతిమంతుణ్ణన్న నమ్మకం, భక్తి లేనివాడి దగ్గరకు రాదు. ఉపవాసం ఉన్నవాడి పక్కన, కానుక కవరు నింపినవాడి పక్కన, మందిరానికి ముందుగా వచ్చినవాడి పక్కన వచ్చి కూర్చుంటుంది.

ఈ సంగతి యూదు సంప్రదాయానికే బాగా తెలుసు. యూదు గురువుల బోధల సంకలనమైన యెరూషలేము తల్మూదు పరిసయ్యులను ఏడు రకాలుగా చెబుతూ, పుణ్యకార్యాలను భుజాన మోసుకుని తిరిగేవాణ్ణి తప్పుపట్టి, దేవుణ్ణి ప్రేమించి చేసేవాణ్ణి మెచ్చుకుంది. యేసుకు ముందుతరం గురువైన హిల్లేల్ మాటగా, అంతకంటే పాత సంకలనమైన మిష్నాలో ఉన్నది రాత్రి మళ్లీ చదివాను: నువ్వు చనిపోయే రోజు వరకూ నిన్ను నువ్వు నమ్ముకోకు, నీ తోటివాడి స్థితికి నువ్వు చేరేదాకా అతడికి తీర్పు తీర్చకు. తామే నీతిమంతులని తమను నమ్ముకున్నవారికి యేసు ఈ ఉపమానం చెప్పాడని లూకా రాసిన ముందుమాట పక్కన దీన్ని పెట్టి చూస్తే, రెండూ ఒకే గాయం మీద వేలు పెట్టినట్టున్నాయి.

ఇంకొకటి ఇప్పుడు రాస్తుంటే తట్టింది. సుంకరి దూరంగా నిలబడ్డాడు, అయినా పరిసయ్యుడు "ఆ సుంకరి" అనలేదు, "ఈ సుంకరి" అన్నాడు. దేవునితో మాట్లాడుతూనే అతడు పక్కకు చూశాడు. పొద్దున ఆ అబ్బాయి సరిగ్గా ఆ మాట దగ్గర, నేను నేర్పకపోయినా, మెడ తిప్పి సుంకరిగా నిలబడ్డ పిల్లవాడి వైపు చూశాడు. వచ్చే ఆదివారం అతణ్ణి మళ్లీ అక్కడే నిలబెట్టి, ఆ మాటలే చెప్పించి, మెడ ఎందుకు తిప్పావని అడుగుతాను.