641తో పోయే 4,29,49,67,297

నాకు చాలా ఇష్టమైన సంఖ్య ఒకటుంది: 4,29,49,67,297. రెండుని ముప్పై రెండు సార్లు వేసుకుని గుణించి, దానికి ఒకటి కలిపితే వస్తుంది. చూడ్డానికి దేనికీ లొంగనట్టు ఉంటుంది. సరిసంఖ్య కాదు, చివర 5 లేదు, అంకెలు కూడితే 59 కాబట్టి 3తో కూడా పోదు.

ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా కూడా ఇది ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 3, 5, 17, 257, 65537 అన్నీ ఇదే పద్ధతిలో, రెండుని 1, 2, 4, 8, 16 సార్లు వేసుకుని గుణించి ఒకటి కలిపితే పుట్టినవే, అన్నీ ప్రధాన సంఖ్యలే, అందుకని తర్వాత వచ్చేవీ అలాగే ఉంటాయని 1640లో నమ్మాడు. 1732లో పాతికేళ్ల ఆయిలర్ అనే గణితవేత్త ఇది 641తో పోతుందని చూపించాడు.

641 ఎలా దొరుకుతుందన్నదే నాకు అన్నిటికంటే ఇష్టం. ఊరికే ప్రధాన సంఖ్యలన్నీ వరసగా వేసుకుంటూ పోతే 641 నూట పదహారోది. కానీ ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే 64తో భాగిస్తే శేషం 1 మిగలాలి, ఇది ఆయిలరే నిరూపించాడు. అలాంటివి 193, 257, 449, 577, 641... అంటే ఐదో ప్రయత్నంలోనే దొరికేస్తుంది!

అసలు భాగహారమే చెయ్యకుండా కూడా తేల్చొచ్చు. 641 అంటే 5×128+1, అంటే 5 ఇంటూ 2⁷కి ఒకటి కలిపినట్టు. అదే 641 మళ్లీ 625+16, అంటే 5⁴+2⁴. 641తో భాగించినప్పుడు శేషాలే చూస్తాం కాబట్టి 641 అంటే సున్నా; అందుకని మొదటిదాన్ని బట్టి 5×2⁷ని −1 అనుకోవచ్చు, నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴×2²⁸ అంటే 1 అవుతుంది. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³² అంటే 1, కాబట్టి 2³²+1 అంటే సున్నా. అయిపోయింది. మొదటిసారి ఇది అర్థమైన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అయినా నిన్న కాగితం మీద భాగహారం చేశాను, చేత్తో చేస్తేనే నాకు తృప్తి. 4294లో 641 ఆరు సార్లు పోయి 448 మిగిలింది. 9 దించితే 4489, ఏడు సార్లు పోయి 2 మిగిలింది. తర్వాత భాగఫలంలో రెండు సున్నాలు, ఒక 4, ఒక 1, అక్కడ మళ్లీ అదే 448! ఈసారి దించాల్సింది 7. 4487 అంటే సరిగ్గా ఏడు 641లు. శేషం సున్నా, భాగఫలం 67,00,417, అది కూడా ప్రధాన సంఖ్యే.

65537 తర్వాత ఈ వరసలో ఇంతవరకూ ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు. మన 4,29,49,67,297 తర్వాతది 2⁶⁴+1, ఇరవై అంకెలు. దాన్ని 1880లో లాండ్రీ అనే ఆయన విడగొట్టాడు, అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. అది 2,74,177తో పోతుంది. వచ్చే ఆదివారం పెద్ద కాగితం తీసుకుని ఆ భాగహారానికి కూర్చుంటాను.