పాపిట్లో తెల్లగీత, చేతిలో సరుకుల చీటీ

లాక్‌డౌన్‌లో నేను జుట్టుకు రంగు వేసుకోవడం మానేశాను. ఆలోచించి మానింది కాదు, దొరక్క మానింది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించాక ముందు సెలూన్లు మూతపడ్డాయి. ఆ తర్వాత షాపు అరల్లోంచి ఒక్కొక్కటీ మాయమవుతూ వచ్చాయి. శానిటైజర్, సబ్బులు పోయాయంటే అర్థం చేసుకోవచ్చు. పిండి పోయిందన్నా సరే. హెయిర్ డై వంతు కూడా వస్తుందని మాత్రం నేననుకోలేదు. ఏప్రిల్‌లో అమెరికా సూపర్‌మార్కెట్ల సంస్థ వాల్‌మార్ట్ అప్పటి అధిపతి డగ్ మెక్‌మిలన్ కూడా టీవీలో అదే చెప్పాడు, జనం ఇప్పుడు ట్రిమ్మర్లూ జుట్టు రంగులూ ఎక్కువగా కొంటున్నారని. మనలాంటి వాళ్లు ఇంతమంది ఉన్నారన్నమాట! నేను వాడే షేడ్ ఉండాల్సిన చోట ధర చీటీ ఒక్కటే మిగిలింది. పక్కనే ముదురు ఎరుపు డబ్బాలు ఉన్నాయి కానీ, అంత సాహసం నా వల్ల కాలేదు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. వింటే ఇంతేనా అనిపిస్తుంది. రంగేసిన తల మీద ఆ సెంటీమీటరు ఎంతో తెలిసేది అద్దం ముందు నిలబడినప్పుడే. పాపిటకు అటూ ఇటూ సున్నం గీత గీసినట్టు తెల్లగా తేలింది. వీడియో కాల్‌లో ఫోన్ కాస్త ఎత్తులో పెడితే ఇక దాపరికం లేదు.

"అయ్యో అక్కా, టెన్షన్‌తో జుట్టంతా తెల్లబడిపోయిందే" అంది మా చెల్లి. పాపం, నిజంగానే నమ్మి అంది. నా జుట్టు ఎన్నో ఏళ్లుగా తెల్లగానే ఉంది, నేను కనపడనివ్వలేదు అంతే. టెన్షన్ మాట పూర్తిగా తీసిపారేసేదీ కాదు. ఆ ఏడాది జనవరిలోనే నేచర్ పత్రికలో ఎలుకల మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. తీవ్రమైన ఒత్తిడికి నరాల చివర్ల నుంచి వెలువడే నారడ్రినలిన్ అనే రసాయనం వల్ల, జుట్టుకు రంగునిచ్చే కణాలను పుట్టించే మూలకణాలు ఖర్చయిపోతున్నాయని అందులో తేలింది. అయితే ఒకసారి తల మీదికి వచ్చేసిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. నల్లగా వచ్చింది రాత్రికి రాత్రి నెరవదు. కుదుళ్లలో మెలనిన్ అనే రంగు పదార్థం అందకపోతే కొత్తగా వచ్చేది తెల్లగా వస్తుంది. ఇదంతా చెల్లికి చెప్పబోతే, "సర్లే, కెమెరా కిందికి దించు" అంది.

సరుకులకు ఇంటికొకరే వెళ్లాలి కాబట్టి ఆ పని నామీద పడింది. మా ఆయన్ని పంపొచ్చు. కానీ అడిగిన రకం లేకపోతే అక్కడి నుంచే ఫోన్ చేస్తారు, ఈలోగా వెనక లైను ఆగిపోతుంది. అందుకని నేనే వెళ్లేదాన్ని. చీటీ రాసే పద్ధతి మాత్రం పూర్తిగా మార్చాను. ఇంట్లో ఏది గుర్తొస్తే అది రాయడం కాకుండా, షాపులో ఏ వరస ముందొస్తుందో ఆ వరసలో రాసి, ప్రతి సరుకు పక్కనా అది లేకపోతే ఏం తీసుకోవాలో కూడా రాసుకునేదాన్ని. ఒకే దారిలో ముందుకు నడవాలని నేల మీద బాణం గుర్తులు పెట్టారు మరి. మరిచిపోయిన ఉప్పు కోసం వెనక్కి రావాలంటే మళ్లీ చుట్టూ తిరిగి రావాల్సిందే.

మాస్కు పెట్టుకుంటే కళ్లద్దాల మీద ఆవిరి. పాల ప్యాకెట్ మీద తేదీ చదవాలంటే ఊపిరి బిగబట్టి, ఆవిరి తగ్గేదాకా ఆగాలి. అంతకన్నా పెద్ద తంటా కూరగాయల దగ్గర. ఆ పల్చటి ప్లాస్టిక్ కవర్ల మూతి ఒక పట్టాన విడదు కదా. అలవాటుగా వేలు నోటి దగ్గరికి వెళ్లేది, మాస్కుకు తగిలి ఆగేది. ఆ రోజుల్లో నోట్లో వేలు పెట్టడం కన్నా ఘోరం ఇంకోటి లేదు. చివరికి పక్కన నీళ్లు చల్లి పెట్టిన ఆకుకూర కట్టను వేలితో ఒకసారి తాకి, ఆ తడితో కవరు విప్పడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అలాగే విప్పుతున్నాను.

చాలా దేశాల్లో షాపులు పొద్దున్నే ఒక గంట పెద్దవయసు వాళ్లకు కేటాయించాయి. మా షాపూ అదే చేసింది. నేను మామూలు లైనులో నిలబడితే గార్డు వచ్చి, "అమ్మా, మీరిటు రండి, పెద్దవాళ్లని ముందు పంపుతున్నాం" అన్నాడు. "బాబూ, నాకింకా యాభై దాటలేదు" అన్నాను. మొహం మాస్కులో ఉంది, ఇక వయసు చెప్పేది జుట్టే. "పర్లేదమ్మా, రండి" అన్నాడు, నేనేదో మొహమాటపడుతున్నానని. ఆ రోజు పంతంగా ఎండలో లైనులోనే నిలబడ్డాను. తర్వాత్తర్వాత ఆ అబ్బాయి పిలిస్తే వాదన పెట్టుకోవడం మానేశాను.

ఇంటికొచ్చాక ఇంకో కార్యక్రమం. ప్లాస్టిక్ మీద ఈ వైరస్ 72 గంటల దాకా, అట్ట మీద 24 గంటల దాకా బతికినట్టు ప్రయోగశాలలో కనిపించిందని ఆ మార్చిలోనే వచ్చింది. ఆ లెక్కన అట్టపెట్టెలకు ఒక రోజు, ప్లాస్టిక్ ప్యాకెట్లకు మూడు రోజులు క్వారంటైన్. కూరగాయలు సబ్బుతో కడగొద్దని, ఉత్త నీళ్లు చాలని నిపుణులు మొత్తుకున్నా, మా ఇంట్లో దాని మీద రోజూ పెద్ద పంచాయతీ.

ఈ మధ్యలో మా అమ్మాయి ఎక్కడో ఆన్‌లైన్‌లో వెతికి డై ప్యాకెట్ తెప్పించింది. కొత్త కంపెనీది. లోపలి కాగితం చదివాను. పిపిడి అనే రసాయనం ఉంది, ముందు చర్మం మీద కొంచెం రాసి, పడుతుందో లేదో 48 గంటలు చూడమని ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆ కాగితం మడత కూడా విప్పేదాన్ని కాదు. ఆస్పత్రి పేరెత్తితేనే గుండె దడదడలాడుతున్న రోజులు, మొహం వాచి అక్కడికి వెళ్లాల్సొస్తే? ప్యాకెట్ బీరువాలో పడేశాను.

సగం నలుపు, సగం తెలుపుగా ఉన్న ఆ నెలలే కష్టం. పూర్తిగా తెల్లబడితే జనం ఒక్కసారి చూసి ఊరుకుంటారు. సగంలో ఉంటే మాత్రం, "ఒంట్లో బాగుండలేదా?" అని అడుగుతారు. జడ వేస్తే రెండు రంగులూ మెలిపడి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేవి, అందుకే ముడి చుట్టేసేదాన్ని.

సెలూన్లు తెరిచాక అక్కడి అమ్మాయి ఎప్పట్లాగే షేడ్ కార్డు తెచ్చింది. "వద్దమ్మా, రంగున్నంత మేరా కత్తిరించెయ్" అన్నాను. "మేడమ్, భుజాల పైకి వచ్చేస్తుంది" అంది. రానిమ్మన్నాను. కత్తెర పట్టుకుని కూడా మళ్లీ అడిగింది, నిజంగానేనా అని.

2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ, వస్తువులను తాకడం వల్ల సోకే ప్రమాదం చాలా తక్కువని చెప్పాక మా ఇంట్లో ప్యాకెట్లు తుడవడం ఆగింది. దానికి కొంచెం ముందో వెనకో షాపువాళ్లు పెద్దల గంట కూడా ఎత్తేశారు. ఇప్పుడు అందరితోపాటు లైనులో నిలబడుతున్నాను.