రాయబారికి భోజనం పని అయ్యాకే

కృతార్థా భుంజతే దూతాః పూజాం గృహ్ణంతి చైవ హి
కృతార్థం మాం సహామాత్యస్త్వమర్చిష్యసి భారత

మహాభారతం ఉద్యోగపర్వంలో శ్లోకం ఇది. రాయబారం అనగానే మనకి సభలో ఆవేశంగా పాడే పద్యాలూ విశ్వరూపమూ గుర్తొస్తాయి కానీ, నాకు మాత్రం సభకి ముందురోజు జరిగిన ఈ చిన్న సంభాషణ దగ్గరే మనసు ఆగిపోతుంది. కృష్ణుడు హస్తినాపురం చేరాక దుర్యోధనుడి ఇంటికి కూడా వెళ్లాడు, కూర్చున్నాడు, అందరినీ పలకరించాడు, భోజనానికి లేవమంటే మాత్రం లేవలేదు. అప్పుడు దుర్యోధనుడు కర్ణుడి వైపో చూపు చూసి, రెండు పక్షాలకీ కావలసినవాడివి, మా నాన్నకి ఇష్టమైనవాడివి, మరి మా ఇంట్లో ఎందుకు తినవయ్యా అని పైకి మెత్తగా అడిగాడు. దానికి స్వామి చెప్పిన జవాబు ఇది: దూతలు వచ్చిన పని అయ్యాకే తింటారు, అయ్యాకే మర్యాదలు పుచ్చుకుంటారు, నా పని కానివ్వు, అప్పుడు నువ్వూ నీ మంత్రులూ కలిసి సత్కరించండి.

ఎంత నేర్పుగా ఉందో చూడండి. నువ్వు చెడ్డవాడివి అనలేదు, నీ అన్నం నాకొద్దు అనలేదు, మా ఉద్యోగంలో పద్ధతి ఇంతే అన్నాడు, అంటే అవతలివాడికి పరువు పోకుండా తప్పుకునే దారి ఇచ్చాడు. దుర్యోధనుడు అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పని అయినా కాకపోయినా నిన్ను గౌరవించాలనుకున్నాం, ఇది నీకు తగదు అని మళ్లీ పట్టుబట్టాడు, ఇక అప్పుడు పడింది అసలు మాట, అన్నం ప్రేమ ఉన్నచోట తింటారు లేదా ఆపదలో ఉంటే తింటారు, నీకు మామీద ప్రేమా లేదు, మేం ఆపదలోనూ లేం అని. చెప్పి లేచి విదురుడి ఇంటికి వెళ్లిపోయాడు. అందరం విదురుడి భక్తి దగ్గరకి వెళ్లిపోతాం కానీ దౌత్యం అంతా ఈ రెండు జవాబుల వరసలోనే ఉందని నాకనిపిస్తుంది, ముందు పద్ధతి చెప్పాలి, బలవంతం చేస్తేనే నిజం చెప్పాలి, రెండోది ముందు చెప్పేస్తే రేపు సభలో మాట్లాడ్డానికి ఇంకేం మిగలదు.

అసలు ఈ భోజనం పిలుపు ఊరికే వచ్చింది కాదు. కృష్ణుడు వస్తున్నాడని తెలియగానే ధృతరాష్ట్రుడు లిస్టు వేశాడు, 16 బంగారు రథాలు, 8 ఏనుగులు, ఇంకా ఏవేవో. దుర్యోధనుడు దారిలో వృకస్థలంలో రత్నాలతో విడిది కట్టించాడు, స్వామి వాటివైపు చూడను కూడా చూడకుండా వచ్చేశాడు. విదురుడు అన్నగారికి మొహమాటం లేకుండా చెప్పాడు, నిండు నీళ్ల కుండ, కాళ్లకి నీళ్లు, కుశలప్రశ్న, ఈ మూడు తప్ప ఆయన ఇంకేం ముట్టడు, ఆయనకి నిజంగా ఇవ్వాలనుంటే ఆయన ఏ శాంతి కోసం వస్తున్నాడో అది ఇవ్వు అని. ఇది పురాణకాలం సంగతి మాత్రమే అనుకోకండి. 1785లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫ్రాన్స్ నుంచి వెళ్లిపోయేటప్పుడు 16వ లూయీ రాజు తన బొమ్మ చుట్టూ 400కి పైగా వజ్రాలు పొదిగిన పెట్టె ఇచ్చాడు, దాన్ని ఉంచుకోవాలంటే ఆయన తన దేశపు కాంగ్రెస్ పర్మిషన్ తీసుకోవాల్సొచ్చింది, తర్వాత 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలో కాంగ్రెస్ ఒప్పుకోకుండా విదేశీ రాజుల కానుకలు తీసుకోకూడదని క్లాజే పెట్టేశారు. కానుక చెడ్డదని కాదు, అది పుచ్చుకున్నాక నోరు కొంచెం మెత్తబడుతుంది, అంతే భయం.

కౌటిల్యుడు దూతల్ని మూడు రకాలు చేశాడు. పూర్తి అధికారంతో వెళ్లేవాడు నిసృష్టార్థుడు, ఒక పరిమితిలో మాట్లాడేవాడు పరిమితార్థుడు, ఉత్తరం మోసుకెళ్లేవాడు శాసనహరుడు. దూత మందు జోలికి పోకూడదు, ఒక్కడే పడుకోవాలి, ఎందుకంటే నిద్రలోనూ మత్తులోనూ మనసులో మాట బయటపడిపోతుంది అంటాడు, భలే జాగ్రత్త కదా. ఈ లెక్కన కృష్ణుడు మొదటి రకం. కానీ బయల్దేరే ముందు ఆయన ఏం చేశాడంటే కూర్చుని అందరి మాటా విన్నాడు, ధర్మరాజు శాంతి అన్నాడు, ఎప్పుడూ మండిపడే భీముడు కూడా వింతగా శాంతే అన్నాడు, సహదేవుడూ సాత్యకీ యుద్ధమే కావాలన్నారు, ద్రౌపది విడిన జుట్టు చేతిలో పట్టుకొచ్చి ఏడ్చింది. సర్వజ్ఞుడికి ఈ బ్రీఫింగ్ అవసరమా? అయినా విన్నాడు. తన మాట కాదు కదా తను చెప్పబోయేది, పంపినవాళ్ల మాట, వాళ్లలో వాళ్లకే కుదరని మాట. ఇప్పటికీ విదేశాంగశాఖలో పనిచేసేవాళ్లకి అవతలి దేశంతో బేరం ఒకెత్తు, సొంత ఇంట్లోవాళ్లని ఒక మాటమీదికి తేవడం ఇంకోఎత్తు. కంచిలో స్వామిని పాండవదూత పెరుమాళ్ అనే కొలుస్తారు, ఇంకొకరి మాట మోసినవాడన్న పేరుతోనే పూజలు అందుకుంటున్నాడు.

సభలో ఏమైందో తెలిసిందే, బంధించాలని చూశారు. దూతని ముట్టుకోకూడదన్న నియమం మనకి కొత్త కాదు, లంకలో విభీషణుడు హనుమంతుడి ప్రాణం కాపాడింది ఆ ఒక్క పాయింట్ మీదే, కౌటిల్యుడైతే ఆయుధాలు ఎత్తి ఉన్నా దూత చెప్పమన్నది చెప్పాల్సిందే అన్నాడు. ఇదే నియమం 1961 వియన్నా ఒప్పందంలో కూడా ఉంది, రాయబారిని అరెస్ట్ చేయకూడదు, ఎంబసీలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, నచ్చకపోతే కారణం చెప్పక్కర్లేకుండా వెనక్కి పంపేయొచ్చు, అంతవరకే. దాన్ని తప్పినవాళ్లూ ఉన్నారు, 1979 నవంబర్ 4న టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీని పట్టుకుని 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచేశారు.

పని కాదని తెలిసీ ఎందుకొచ్చావని విదురుడు ఆ రాత్రే అడిగాడు. ధర్మమైన పనికి శక్తికొద్దీ ప్రయత్నించి సాధించలేకపోయినా ఆ పుణ్యం దక్కుతుంది, ఇంకోటి, ఆపగలిగి ఉండి కూడా కృష్ణుడు ఆపలేదని రేపు ఎవరూ అనకూడదు అన్నాడు స్వామి. భక్తుల ఉపన్యాసాల్లో మొదటి ముక్కే చెప్తారు, నాకు రెండోది ఇష్టం, లోకం ముందు రికార్డు ఉండాలనుకున్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని పుట్టుక చెప్పాడు, నువ్వే పెద్దవాడివి, రాజ్యం నీదే రా అని. సభలో కుదరని పని పక్కకి తీసుకెళ్లి ప్రయత్నించడం, ఇది కూడా రాయబారుల పనే. కర్ణుడు రానన్నాడు, ఒకటే అడిగాడు, ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనీ, నేను అన్ననని తెలిస్తే ధర్మరాజు రాజ్యం తీసుకోడు అని. పాండవులు ఉంటున్న ఉపప్లావ్యం వెళ్లాక కృష్ణుడు ధర్మరాజుకి సభలో ఎవరెవరు ఏమన్నారో పూసగుచ్చినట్టు చెప్పాడు, ఆ ఒక్కటీ చెప్పలేదు. తనని పంపిన రాజుకే చెప్పలేదు, అదీ శత్రువుల వైపు మనిషి అడిగితే. యుద్ధమంతా అయిపోయి తర్పణాలు వదిలేటప్పుడు కుంతి నోటితో చెప్పేదాకా ధర్మరాజుకి ఆ సంగతి తెలియనే లేదు.