నిక్ అంటే దొంగతనమే, కానీ...

లండన్ వచ్చిన కొత్తలో తూర్పు వైపు ఒక గోడౌన్‌లో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. ఒకరోజు లోడు షీటు మీద సంతకం పెట్టాలి, నా దగ్గర పెన్ను లేదు. పక్కనున్న పెద్దాయన చెవి మీది పెన్ను తీసిస్తూ 'డోంట్ నిక్ ఇట్, మేట్' అన్నాడు. నిక్ అంటే ఏంటని పంజాబీ కుర్రాణ్ణి అడిగితే 'చోరీ' అన్నాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. మా ఊళ్ళో దొంగ అనే మాట పడితే రెండు కుటుంబాలకు మాటలుండవు. సంతకం గీకి, పెన్ను ఆయన చేతిలో పెట్టేసి, తెల్లారేదాకా పలకలేదు.

టీ టైములో ఆయనే కప్పు తెచ్చి నా ముందు పెట్టి, ఏమైందని అడిగాడు. చెప్పాను. పాపం, ఎంత నొచ్చుకున్నాడో! ఆ మాట మా 'నొక్కేయడం' లాంటిదని అప్పుడు అర్థమైంది. పెన్ను నొక్కేశాడు, బిస్కెట్లు కొట్టేశాడు అంటాం చూడండి, ఆ చనువు. నిక్, నొక్కు అని శబ్దం కలవడం మాత్రం కాకతాళీయమే.

నిక్ అంటే మొదట గాటు. కర్ర మీద కత్తితో పెట్టే చిన్న గాటు. 'ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్' అన్నప్పుడు ఉన్నది ఆ గాటే, సరిగ్గా ఆ క్షణానికి అని. అదను చూసి పట్టుకోవడం అనే అర్థం కూడా ఒకప్పుడు ఉండేది. 19వ శతాబ్దానికి అది కాజేయడం అయింది. పోలీసులు పట్టుకున్నా నిక్ చేసినట్టే, స్టేషనూ జైలూ కూడా నిక్కే. పాత సైకిలు 'ఇన్ గుడ్ నిక్' అంటే మాత్రం మంచి కండిషన్‌లో ఉందని!

'హాఫ్ ఇంచ్' కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నా. పించ్ అంటే గిల్లడం, కాజేయడం కూడా. దానికి ప్రాస కలిపి ఈస్ట్ ఎండ్ జనం అర అంగుళం అన్నారు. దొంగను 'టీ లీఫ్' అంటారు, థీఫ్‌కి ప్రాస.

ఇన్ని మెత్తటి మాటలున్న భాష, ఊళ్ళకు ఊళ్ళు దోచినప్పుడు మాత్రం మన మాటే పట్టుకెళ్ళింది. లూట్ 18వ శతాబ్దం చివర్లో హిందీ నుంచి ఇంగ్లీషుకి చేరింది. మన లూటీ కూడా అదే. ఒక ఆదివారం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్ పులిని చూశాను. తెల్లవాడి మీద పడ్డ చెక్కపులి, 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక పట్టుకొచ్చింది. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. కడుపులో మండింది.

సోమవారం రాత్రి ఆయనకు చెప్పాను. 'లూట్ మీ మాటా?' అని ట్రాలీ ఆపేశాడు. నాతో రెండుసార్లు పలికించుకుని, తనూ అన్నాడు, లూటీ అని. ట కొంచెం మెత్తగా వచ్చింది. మళ్ళీ అన్నాడు.