వేళ్లు మాట విన్నాయి, మోకాలు వినలేదు

పొద్దున లేవగానే పిడికిలి బిగిసేది కాదు. రెండు చేతులకూ వేళ్ల మొదట్లోని కణుపులు ఉబ్బేవి. గంట దాటితే గాని పట్టు సడలేది కాదు. గోళ్ల దగ్గరి చివరి కీళ్లకు మాత్రం ఏమీ కాలేదు. డాక్టరమ్మ ముందు చూసింది అదే. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు, ఆ చివరి కీళ్లను సాధారణంగా వదిలేస్తుందట. రక్తపరీక్షల్లో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఆర్ఎఫ్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్ వచ్చాయి.

ఆ దాడిని తగ్గించే మెథోట్రెక్సేట్ అనే మందు రాశారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ టెన్షన్‌తో క్యాలెండర్‌లో సోమవారాలన్నిటికీ సున్నాలు చుట్టాను. మూడు నెలలకు వేళ్లు సన్నబడ్డాయి. కుడి మోకాలు మాత్రం నీరు పట్టే ఉంది, అరికాలి ముందుభాగం గులకరాళ్ల మీద నడిచినట్టే ఉండేది. మెట్లు ఎక్కువ ఎక్కడం వల్లేనేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను.

చెకప్‌లో 28 కీళ్లు నొక్కి చూసి, జబ్బు తీవ్రత చెప్పే స్కోరు తగ్గిందన్నారు. తర్వాత తెలిసింది, ఆ 28లో మోకాళ్లు ఉన్నాయి గాని పాదాలు లేవు! నడిచేది నేను కదా, నాకు ఒళ్లు మండింది.

"ఒకే రక్తం, ఒకే మందు. మరి మోకాలికి ఏమైంది మేడమ్?" అని అడిగేశాను.

ఆవిడ కాగితం మీద కీలు బొమ్మ గీశారు. కీలు లోపలి పొరను సైనోవియం అంటారు. అందులోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు ఈ జబ్బులో రెచ్చిపోయి మృదులాస్థిని కొరుక్కుతింటాయి. చేతిలోనైనా మోకాలిలోనైనా ఆ కణాల్లోని జన్యువులు ఒకటే. ఏవి తెరుచుకున్నాయి, ఏవి మూసుకున్నాయి అన్నదే తేడా. కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు ఏ అవయవం ఎక్కడ రావాలో చెప్పే హాక్స్ జన్యువులు ఉంటాయి. పెద్దయ్యాక కూడా వాటి ముద్ర ఈ కణాల మీద చెరగదట. జన్యువులు తెరుచుకోవడాన్ని, మూసుకోవడాన్ని ప్రభావితం చేసే, డీఎన్ఏ మీది మిథైల్ అనే రసాయన గుర్తులు కూడా ఆ ముద్రలో భాగమే. అంటే నా మోకాలి కణానికి తాను మోకాలినని గుర్తుందన్నమాట!

చేతులు, భుజాలు, మోకాళ్ల కణాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధన 2017లో వచ్చింది. హోటెయిర్ అనే ఆర్ఎన్ఏ, అంటే డీఎన్ఏ నుంచి తయారయ్యే నకలు, ఒకటి ఉంది. అది ప్రొటీన్‌గా మారదు, ఇతర జన్యువులను అదుపు చేస్తుంది. కాళ్ల వైపు కీళ్లలో అది కనిపించింది, చేతుల్లో కాదు. అంతకు ముందు ఏడాది, తుంటినీ మోకాలినీ పోల్చిన మరో పరిశోధనలో ఐఎల్-6, జాక్-స్టాట్ అనే, వాపును రేపే సంకేతాల దారుల్లోనూ తేడాలు దొరికాయి. కొన్ని కొత్త మందులు పనిచేసేది సరిగ్గా ఆ దారుల మీదే.

"అయితే మోకాలికి వేరే మందు రాస్తారా?" అన్నాను ఆశగా.

"కీలుకో మందు రాసే రోజు ఇంకా రాలేదండీ. మీ మోకాలు ఎందుకు మొండికేసిందో ఇదొక్కటే కారణమని కూడా చెప్పలేను," అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. మోకాలిలోంచి నీరు తీసి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, మెథోట్రెక్సేట్ డోసు పెంచారు.

తర్వాతి చెకప్‌కి వెళ్లినప్పుడు, ఆవిడ నా చేతులు పట్టుకునేలోపే సాక్సులు విప్పేసి రెండు పాదాలూ బల్ల మీద పెట్టాను.