సీపీయూ మూత తీసిన ఆదివారం

పొద్దున్న నేను లేచేసరికే నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. "ఆన్ చేసి, ముఖం కడుక్కుని వచ్చానమ్మా. ఇంకా తిరుగుతూనే ఉంది" అన్నారు. ఆ గొంతులో విసుగు కూడా లేదు. అలవాటైపోయింది ఆయనకి. అదే నాకు బాధనిపించింది.

కొత్త కంప్యూటర్ ఏది కొనాలని వారం నుంచీ ఇంట్లో చర్చ. మా అమ్మాయి ఆపిల్ వాళ్ల ల్యాప్‌టాప్, మాక్‌బుక్ కావాలంటుంది. మా ఆయన విండోస్ ల్యాప్‌టాప్ అయితే చాలంటారు. నాకేమో మళ్లీ డెస్క్‌టాపే తీసుకోవాలని ఉంది కానీ, ఎందుకో చెప్పమంటే మాటలు దొరకలేదు. అందుకే పోయిన సోమవారం టేబుల్ మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎవరు కూర్చున్నా ఎంతసేపు, ఏం పని అన్నది ఒక్క లైను రాయాలి.

ఇవాళ ఆ పేజీలు తిరగేశాను. నాన్నవే ఎక్కువ. రోజుకి రెండు గంటలు పేపర్లు చదవడం, పాత ఫొటోలు చూడడం. మా ఆయన బిల్లులు కట్టడానికి, ప్రింట్లు తీయడానికి కూర్చున్నారు. అమ్మాయి నాలుగు రాత్రులు వీడియో ఎడిటింగ్ చేసింది. అందులో రెండు చోట్ల "హ్యాంగ్ అయింది, వదిలేశా" అని రాసి ఉంది. నావి కుట్టుపని ఆర్డర్లు, కొలతలు. ఒకరు లేచాక ఒకరు అదే కుర్చీలో కూర్చున్నాం. కంప్యూటర్‌ని ఇంకో చోటికి తీసుకెళ్లాల్సిన పని ఎవరికీ పడలేదు. దీనికి ముందు మాకు ల్యాప్‌టాప్ ఉండేది. అది కూడా అంతే, మూడేళ్లు ఈ టేబుల్ మీదే ఛార్జర్ తగిలించుకుని ఉంది. చివరికి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. అందులో నాన్న మెడ వంచుకుని చదివేవారు. ఇప్పుడు 24 అంగుళాల మానిటర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని నిటారుగా కూర్చుంటున్నారు. నాకు మాటలు దొరకనిది ఇక్కడేననుకుంటా.

అమ్మాయి మాటలో న్యాయం లేదని అనను. 2020 చివర్లో ఆపిల్ సొంత చిప్‌లతో మాక్‌లు తెచ్చినప్పటి నుంచీ వాటి పనితనం వేరు. మాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. వీడియో ఎడిట్ చేస్తున్నా చప్పుడు రాదు. బ్యాటరీ రోజంతా వస్తుంది. కానీ అందులో ర్యామ్ చిప్‌తోనే కలిసి వస్తుంది. కొన్న రోజు 16 జీబీ అయితే ఎప్పటికీ 16 జీబీయే. నాలుగేళ్లకి చాలకపోతే మొత్తం మార్చుకోవాల్సిందే.

నాకు అసలు అడ్డం పడింది ఇంకొకటి. పన్నెండేళ్ల కొలతలు నావి మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాములో ఉన్నాయి. ఫోన్ నంబరు కొడితే మనిషి పేరు, భుజం, నడుము, పోయినసారి చేసిన మార్పు, అన్నీ ఒకే ఫారంలో వస్తాయి. మా తమ్ముడు పక్కన కూర్చుని చేసిపెట్టాడు. మాక్‌కి ఎక్సెల్ ఉంది, వర్డ్ ఉంది. యాక్సెస్ మాత్రం లేదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత మాక్‌లలో అయితే బూట్ క్యాంప్ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌తో విండోస్ వేసుకునే వీలుండేది. కొత్త చిప్‌లతో అదీ పోయింది. ఇంకేవో దారులున్నాయని అమ్మాయి వెతికి చూపించింది. రోజూ బతుకుతెరువు పని చేసుకునే ఫైలుని అలాంటి దారుల మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

అలాగని విండోస్ వాళ్లు మమ్మల్ని బాగా చూశారని కూడా కాదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మా పాతదాంట్లో ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్. విండోస్ 11 దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అంటుంది, దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా అడుగుతుంది. నిక్షేపంగా పనిచేస్తున్న బోర్డుని ఒక్క తరం తేడాతో పక్కన పెట్టమనడం నాకు అన్యాయంగానే తోచింది. ఆపిల్ కూడా 1994లో ఒకసారి, 2006లో ఒకసారి, 2020లో ఒకసారి ప్రాసెసర్ల జాతే మార్చేసింది. పాత సాఫ్ట్‌వేర్‌ని కొన్నాళ్లు నడిపించి తర్వాత ఆపేస్తుంది. 2019లో 32 బిట్ అనే పాత తరహా ప్రోగ్రాములన్నీ ఒక్క అప్‌డేట్‌తో పోయాయి. ఒకరు పాత ప్రోగ్రాముల్ని వదిలేస్తారు, ఇంకొకరు పాత మెషీన్లని వదిలేస్తారు. నాకు ప్రోగ్రామే ప్రాణం కాబట్టి విండోస్ వైపు మొగ్గాను.

మధ్యాహ్నం పాతదాన్నే ఒకసారి చూద్దామని కింద కూర్చున్నాం. స్క్రూలు పోకుండా అమ్మాయి ఒక కాగితం మీద గళ్లు గీసి, ఏది ఎక్కడిదో రాసి, వాటిలో పెట్టింది. సీపీయూ పక్క మూత లాగితే దుమ్ము బూడిదరంగు దూదిలా ఫ్యాన్ రెక్కల మధ్య అట్టకట్టి ఉంది. పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులిపాను. ర్యామ్ పట్టీ తీసి, కాంటాక్టులు తుడిచి మళ్లీ నొక్కితే రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పడ్డాయి. ఆ చప్పుడు వినగానే అమ్మాయి "ఇంతేనా అమ్మా!" అంది. నా ఫైళ్లు, నాన్న ఫొటోలు ముందే కాపీ చేసి ఉంచాను కాబట్టి భయపడకుండా హార్డ్ డిస్క్ విప్పి, దాని చోట అరచేతిలో పట్టే ఎస్ఎస్‌డీ, అంటే అంతకంటే వేగంగా పనిచేసే డిస్క్, బిగించాం. రెండు స్క్రూలు, రెండు వైర్లు.

దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. ఇన్‌స్టాల్ చేయక ముందు పెన్‌డ్రైవ్ మీంచే నడిపి, ప్రింటర్, వైఫై, సౌండ్ అన్నీ వస్తున్నాయని చూసుకున్నాం. ఈసారి అరనిమిషంలో ఆన్ అయింది. అమ్మాయి ఫోన్‌లో టైము పెట్టి చూసింది.

ఇక ఇది నాన్నకి, మా ఆయన బిల్లులకి. నా పనికీ అమ్మాయి వీడియోలకీ కొత్త విండోస్ డెస్క్‌టాప్ తీసుకుంటాం. 16 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టి, రెండు స్లాట్లు ఖాళీగా ఉండే బోర్డు చూడాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌లా ఆదుకోదు కాబట్టి యూపీఎస్ కూడా కావాలి. మా ఆయన దీనికి ఒప్పుకున్నారు, కాకపోతే ప్రయాణాలకి ఏం చేస్తామని అడిగారు. నిజమే, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఫోన్‌తో సరిపెట్టుకోవాలి.

అమ్మాయి ముఖం కాస్త చిన్నబోయింది. కాలేజీకి వెళ్లేటప్పుడు తన ల్యాప్‌టాప్ తనే ఎంచుకోవచ్చని చెప్పాను, అది మాక్‌బుక్ అయినా సరే. కొంచెంసేపటికి తనే వచ్చి, కొత్తదాని భాగాలు తనే బిగిస్తానంది.

ఇది రాస్తుంటే నాన్న గదిలోంచి నన్ను పిలిచారు. "అమ్మాయ్, మీ అమ్మ ఫొటో ఇంత త్వరగా తెరుచుకుంది చూడు."