గుణదల కొండ, మా ఆయన దాహం

మా ఆయనకి రోజుకి లీటరు నీళ్లే. టీ, పప్పుచారు, మాత్ర వేసుకునే గుక్క, అన్నీ కలిపి ఆ లీటరులోనే. కిడ్నీలు పాడై మూడేళ్లయింది. వారానికి మూడు రోజులు, ప్రతిసారీ నాలుగు గంటలు డయాలసిస్. కొత్త కిడ్నీ కోసం జీవన్‌దాన్‌లో, అంటే అవయవదానం పథకంలో, పేరు రాయించాం, పిలుపు ఇంకా రాలేదు. ఈ ఫిబ్రవరిలో ఆయనే అన్నారు, "గుణదల వెళ్లొద్దామే" అని. విజయవాడలోని మేరీమాత కొండ అది.

పెద్ద పండగ 11న. కానీ ఆ రోజు బుధవారం, మాకు డయాలసిస్. అందుకని తిరునాళ్ల మధ్యరోజు, 10న, తెనాలిలో పొద్దున్నే రైలెక్కాం. పెట్టె నిండా గుణదల జనమే. కృష్ణ బ్రిడ్జి మీదికి రాగానే కిటికీ పక్కనున్న ముసలమ్మ నదిలోకి రూపాయి బిళ్ల వేసి సిలువ గుర్తు వేసుకుంది. మా ఆయన ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నారు. బ్రిడ్జి దాటేదాకా ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆయన ఎడమచేతికి ఫిస్టులా ఉంది, డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం. దాని మీద ఒత్తిడి పడకూడదు, బరువు మోయకూడదు. ఆ జనంలో నేను ఎడమపక్కనే నడిచాను, నా భుజాన్ని అడ్డం పెట్టి. దారిలో మజ్జిగ ఇస్తున్నారు, నీళ్ల ప్యాకెట్లు ఇస్తున్నారు. "తీసుకోండి బాబాయ్" అని ఓ కుర్రాడు చేతిలో పెట్టబోతే, ఈయన నవ్వి ఆ ప్యాకెట్టు నాకిచ్చారు. నాకూ గొంతు దిగలేదు.

మేరీమాత గుహ దగ్గర కొబ్బరికాయ కొట్టాం, కొవ్వొత్తి వెలిగించాం. ఆ కొబ్బరి ముక్క కూడా ఆయన తినకూడదు, అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. చేతిలో పట్టుకుని వాసన చూసి, పక్కన తలనీలాలిచ్చి నిలబడ్డ చంటిదాని చేతిలో పెట్టారు.

1924లో అర్లాటి ఫాదర్‌గారు ఈ కొండ మీద మేరీమాత స్వరూపాన్ని నిలిపారు. ఈ గుహకి మూలం ఫ్రాన్సులోని లూర్దు. 1858లో బెర్నదెత్ అనే పేదింటి పిల్లకి అక్కడ మాత 18 సార్లు కనిపించింది. ఆ ఊట నీళ్లతో రోగాలు నయమయ్యాయని చెప్పుకునేవాళ్లు ఎందరో. బెర్నదెత్ ఉబ్బసం మాత్రం తగ్గలేదు. జబ్బులతోనే 35 ఏళ్లకి, 1879లో కన్నుమూసింది. ఈ లోకంలో నిన్ను సుఖపెడతానని మాటివ్వను, పైలోకంలోనే అని మాత ఆమెకి ముందే చెప్పిందట. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ మా ఇంట్లోకి జబ్బు వచ్చాక దాన్ని తలుచుకోవడం మానేశాను. నాకు కావలసింది బాగుచేస్తానన్న మాట. రెండేళ్లపాటు నా జపమాలలో ప్రతి పూసా ఒకటే అడిగింది, ఈయన్ని బాగుచెయ్యి అని. బాగుకాలేదు. కొన్ని రాత్రులు "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని మొదలుపెట్టి, కోపంతో అక్కడే ఆపేసేదాన్ని.

పైన సిలువ దాకా వెళ్తానన్నారు ఆయన. నేను వద్దన్నాను, వినలేదు. పది మెట్లకోసారి కూర్చున్నాం. పెదాలు ఎండిపోయి పగిలాయి. సంచిలో సీసా ఉంది, అందులో అప్పటికి మిగిలింది మూడు గుక్కలు, ఇంకా రాత్రి మాత్రలున్నాయి. సిలువ దగ్గరికి చేరాక ఆయన చాలాసేపు తలెత్తి చూస్తూ నిలబడ్డారు. తర్వాత మెల్లగా అన్నారు, "ఆయనా దాహమేస్తోందనే అన్నాడు కదే."

ఎన్ని గుడ్ ఫ్రైడేలు విన్నానో ఆ మాట. "దప్పిగొనుచున్నాను." సిలువ మీద ఏడు మాటల్లో అదొక చిన్న మాటేనని, ఫాదర్‌గారు దాన్ని త్వరగా ముగిస్తే బాగుండునని కూడా అనుకున్న రోజులున్నాయి. సముద్రాన్ని చేసినవాడు గుక్కెడు నీళ్లకి అలమటించాడని ఆ మెట్టు మీద తెలిసింది. కింద నిలబడ్డ తల్లికి ఆ గుక్క అందించే వీలు లేదు. ఆమె బాగుచెయ్యలేదు, దింపలేదు, వెళ్లిపోలేదు కూడా. నేను మా ఆయన ఎడమచేతి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. చాలా రోజుల తర్వాత జపమాల మధ్యలో ఆపకుండా చివరిదాకా చెప్పాను. ఆయన సగంలో నిద్రపోయారు, నా ఒడిలో తలపెట్టి.

రాత్రికి తెనాలి చేరాం. 1993 నుంచి ఫిబ్రవరి 11ని లోకమంతటా కతోలికులు రోగుల దినంగా పాటిస్తున్నారు. మర్నాడు ఆ రోజున మా ఆయన డయాలసిస్ మంచం మీదే ఉన్నారు. మెషిన్ పెట్టేముందు బరువు చూశారు, ఒంట్లో ఎంత నీరు చేరిందో దాంతోనే తెలుస్తుంది. కిలోన్నర పెరిగారు, అంతే. కొండెక్కి వచ్చిన మనిషికి అది తక్కువే అంది నర్సు.

గుణదల నుంచి ఒక చిన్న సీసాలో తీర్థం తెచ్చాను. రోజూ రాత్రి ప్రార్థనయ్యాక ఒక చెంచా ఇస్తాను. ఆ చెంచాడు కూడా లీటరు లెక్కలోనే రాస్తాను.